మారెప్ప నిదానం

హిందూపురం స్టేషన్ రోడ్డులో సైకిల్ అంగడి పెట్టుకున్న మారెప్పకు ఊళ్ళో ఒక చెడ్డపేరు ఉండేది. తాగుతాడని కాదు, అబద్ధాలాడతాడనీ కాదు. నిదానం మనిషని. పంక్చర్ వేయమని బండి ఇస్తే పూట గడిచిపోయేది. చైను బిగించమంటే చక్రం విప్పేవాడు, చక్రమెందుకయ్యా అంటే పెడల్ వైపు అనుమానంగా చూసేవాడు. మారెప్ప చేతికి బండిచ్చి పెళ్ళికి పోయి భోంచేసి రావచ్చని జనం నవ్వుకునేవాళ్ళు. పని మాత్రం గట్టిది. అతను బిగించిన బండి ఏడాది దాకా కిర్రుమనేది కాదు. అందుకని తిట్టుకుంటూనే అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. ఎవరైనా గట్టిగా కసిరితే "నిదానమే ప్రధానం అనలేదా పెద్దోళ్ళు" అని గొణిగి మళ్ళీ తల వంచుకునేవాడు.

ఆ నిదానం వెనక సంగతి ఊరికి తెలియదు. మారెప్ప అనుకుంటే పంక్చర్ పది నిమిషాల పని. కాని బండి ఇచ్చినవాడు పని అయ్యేదాకా అంగట్లో స్టూలు మీద కూర్చుంటాడు. కూర్చున్నవాడు ఊరుకోడు కదా, ఏదో ఒకటి మాట్లాడతాడు. కోడలు అలిగి పుట్టింటికి పోయిందనో, ఎద్దు కొమ్ము విరిగిందనో, బావిలో ఇంకా నీళ్ళు పడలేదనో. బండి చేతికొచ్చిందా, చెబుతున్న మాట నోట్లో సగం ఉండగానే ఎక్కి తొక్కుకుంటూ పోతాడు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడి మల్లన్న. అలిగిపోయిన కోడలు తిరిగి వచ్చిందో లేదో తెలుసుకోవాలంటే చక్రం ఇంకాసేపు ఊడి ఉండక తప్పదు. అదీ మారెప్ప నిదానం.

అతనికప్పుడు ముప్ఫై నాలుగేళ్ళు. పెళ్ళయిన పదో నెలలో భార్య నాగమ్మ నల్లచెరువులోని పుట్టింట్లో విషజ్వరంతో పోయింది. తల్లి కదిరమ్మ బతికినన్నాళ్ళూ ఇంకో సంబంధం చూస్తానని వెంటపడేది. "చూద్దాంలేమ్మా" అనేవాడు. చూద్దాం చూద్దాం అంటుండగానే ఆమె కూడా పోయింది, అడిగేవాళ్ళు లేకుండా పోయారు. అక్క చౌడక్కను అమరాపురం ఇచ్చారు. ఏడాదికోసారి వచ్చి, ఇల్లంతా ఊడ్చి, తమ్ముడి గతి తలచుకుని ఏడ్చి, మర్నాటి బస్సుకు వెళ్ళేది. ఒక ఆదివారం అంగడి మూసుకుని ఇంట్లో ఉన్నప్పుడు, తన గొంతు తాను విని ఒకటిన్నర రోజు అయిందని మారెప్పకు తట్టింది. భయమేసి, "ఏమప్పా మారెప్పా" అని తనను తానే పిలుచుకున్నాడు. బదులు చెప్పడానికి సిగ్గేసి ఊరుకున్నాడు.

ఇలాంటి మనిషికి 1958 వేసవిలో ఒక పిలుపు వచ్చింది.

పిలిచినవాడు ఓబులేసు. ఎలిమెంటరీ స్కూల్లో అయ్యవారు. అతనికి తోడు ఈరన్న, రొద్దం దగ్గర భూములున్న రైతుబిడ్డ. చిన్నప్పుడు ముగ్గురూ ఒకే బడిలో ఒకే పలక కోసం తన్నుకున్నవాళ్ళు. తర్వాత ఒకరికి ఉద్యోగం, ఒకరికి సేద్యం, ఇద్దరికీ పెళ్ళాం బిడ్డలు. మారెప్పకు సైకిళ్ళు. ఓబులేసు పేపర్లో ఎవరో కుర్రవాళ్ళు సైకిళ్ళ మీద దేశం తిరిగిన వార్త చదివి, ఆ కాగితం పట్టుకుని నేరుగా అంగడికి వచ్చాడు.

"హైదరాబాదు మనకు రాజధాని అయ్యి రెండేండ్లు కావస్తాండాది. బస్సులో, రైల్లో ఎవడైనా పోతాడు. మనం సైకిళ్ళ మీద పోదాం. బడికి సెలవులు, ఈరన్నకు వాన పడేదాకా పని ల్యా. మారెప్పా, నువ్వు కూడా రావాల. నువ్వు లేకుంటే దోవలో బండ్లు చూసేదెవురు?"

ఆ చివరి మాట మారెప్ప చెవికెక్కలేదు. 'నువ్వు కూడా రావాల' అన్నదొక్కటే విన్నాడు. హైదరాబాదు మీద అతనికి ఎర్రటి ఏగాని అంత ఆశ కూడా లేదు. ఇద్దరు స్నేహితులతో పగలూ రాత్రీ మూడు వారాలు. అంతకంటే ఏం కావాలి? బయలుదేరే ముందు పది రోజులూ వాళ్ళిద్దరూ సాయంత్రాలు అంగట్లో కూర్చుని దారి గురించి వాదించుకుంటుంటే, మూడు సైకిళ్ళనూ ముక్కముక్క విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి బిగించాడు. అంత నిదానంగా అతను జన్మలో ఏ పనీ చేయలేదు.

మే నెల మొదటి వారంలో ఒక తెల్లవారుజామున బయలుదేరారు. ఓబులేసు హ్యాండిల్‌కు 'హిందూపురం నుండి హైదరాబాదు' అని రాసిన అట్ట కట్టుకున్నాడు. పానాల పెట్టె, పంపు, నాలుగు ట్యూబులు, రెండు టైర్లు మారెప్ప క్యారియర్ మీద. అది సహజమే కదా, మెకానిక్ సామాను మెకానిక్ మోయకపోతే ఎవరు మోస్తారు?

ఊరు దాటిన మూడో మైలు నుంచే తేడా తెలిసింది. రోడ్డు ఇద్దరు పక్కపక్కన తొక్కడానికి సరిపోతుంది, ముగ్గురికి చాలదు. బరువున్నవాడు ఎలాగూ వెనకబడతాడు. ముందు వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూ పోతున్నారు. అప్పుడప్పుడూ నవ్వు వినిపించేది, దేనికి నవ్వారో వినిపించేది కాదు. దూరంగా ఏ చింతచెట్టు కిందో ఆగేవాళ్ళు. మారెప్ప ఒళ్ళంతా చెమటతో అక్కడికి చేరేసరికి వాళ్ళ అలసట తీరిపోయేది. "వచ్చినావా, పదప్పా పోదాం, ఎండెక్కుతాండాది" అని లేచేవాళ్ళు. కూర్చుందామని వంచిన మోకాలు మళ్ళీ చాపుకుని అతనూ ఎక్కేవాడు. వెనకబడినవాడికి దూరమూ ఎక్కువే, విశ్రాంతీ తక్కువే. ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు. అదే అతనికి మరింత బాధ, కోపం తెచ్చుకోవడానికి కూడా ఏమీ దొరకలేదు.

పెనుకొండ ఇంకా ఆరేడు మైళ్ళుందనగా ఈరన్న టైరు బుస్సుమంది. ఆ నెలలో రైతులు చేల గట్లకు తుమ్మకంప కొట్టి బండ్ల మీద తోలుకుంటారు. కంపబండి పోయిన దారంతా ముళ్ళే. ముగ్గురూ ఒక వేపచెట్టు కింద దిగారు. మారెప్ప పెట్టె విప్పాడు. మొదటిసారిగా ఇద్దరూ అతని చుట్టూ చతికిలపడ్డారు. ఓబులేసు చిన్నప్పటి బడి కబుర్లెత్తాడు. అయ్యవారి కుర్చీలో మారెప్ప పల్లేరుకాయలు పెట్టిన కథ చెబితే ఈరన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. "అది నేను కాదప్పా, నువ్వే" అన్నాడు మారెప్ప, కళ్ళల్లో నీళ్ళు వచ్చేలా నవ్వుతూ. ఆ ప్యాచీ అతికించడానికి గంట పట్టింది. లేచి బండ్లెక్కగానే మళ్ళీ వాళ్ళు ముందు, ఇతను వెనక.

ఆ రాత్రి పెనుకొండ బడి వరండాలో పడుకున్నారు. పొద్దున్నే కోట చూద్దామని కొండెక్కడానికి సిద్ధమయ్యారు. సైకిళ్ళు కొండెక్కవు.

"ఎవురో ఒగరు బండ్ల కాడ ఉండాల గదా" అన్నాడు ఈరన్న. ఎవరో ఒకరు అంటే ఎవరో ముగ్గురికీ తెలుసు.

"పోయి రాండప్పా, నాకు ఎక్కేకి కాదు" అన్నాడు మారెప్ప. కాళ్ళు బాగానే ఉన్నాయి. ఒక్కసారి కాదు కూడదు అంటారేమోనని చూశాడు. వాళ్ళు టవళ్ళు తలకు చుట్టుకుని వెళ్ళిపోయారు.

నాలుగు గంటలు. వరండాలో మూడు సైకిళ్ళు, ఒక మనిషి. కొండ మీద ఎక్కడో చీమల్లా ఇద్దరు మనుషులు కనిపిస్తే వాళ్ళేనా అని చెయ్యి ఊపాడు. వాళ్ళు కాదో, చూడలేదో. హిందూపురంలో ఒంటరిగా ఉండడం వేరు. తోడు రమ్మని తోలుకొచ్చిన ఊళ్ళో ఒంటరిగా కూర్చోవడం వేరు. రెండోది ఎక్కువ మండుతుంది. ఆ మంటలో అతనికి నిన్నటి వేపచెట్టు గుర్తొచ్చింది. బండి చెడిపోయింది కాబట్టి కూర్చున్నారు. చెడిపోకపోతే కూర్చోరు.

పెట్టె తెరిచి పానా తీసుకున్నాడు. సైకిల్ చక్రం ఇరుసుకు రెండు పక్కలా కోన్లని ఉంటాయి. వాటిని ఎంత బిగించాలో అంతే బిగించాలి. కాస్త ఎక్కువైతే చక్రం తిరుగుతుంది గాని బరువుగా తిరుగుతుంది. తొక్కేవాడికి బండి మీద అనుమానం రాదు, తన కాళ్ళలోనే సత్తువ తగ్గిందనుకుంటాడు. మారెప్ప ఓబులేసు బండి వెనక చక్రం కోను పావు చుట్టు బిగించాడు. ఓబులేసుదే ఎందుకంటే, అతను ఆగితే ఈరన్న ఆగుతాడు, పైగా మాటకారి. ఈ ఒక్క సాయంత్రానికే, రేపు పొద్దున వదులు చేసేస్తే సరి అనుకున్నాడు. తొలిసారి దొంగతనానికి పోయేవాడు కూడా ఇలాగే అనుకుంటాడు.

ఉపాయం పారింది. ఆ సాయంత్రం ధర్మవరం దారిలో ఓబులేసు రెండు మైళ్ళకోసారి దిగాడు. "ఏమో అబ్బా, కొండెక్కింది కాళ్ళకు పట్టుకున్యాది" అన్నాడు. ఆగినచోటల్లా ముగ్గురూ కూర్చున్నారు. చీకటి పడేసరికి పది మైళ్ళయినా పోలేదు. ఒక పల్లెలో బడి అరుగు మీద పడక. ఓబులేసు కాళ్ళు ఒత్తుకుంటూ తన తండ్రి సంగతి చెప్పాడు. ఆయనకు నలభై నిండకుండానే కాళ్ళు చచ్చుబడిపోయాయట. తొమ్మిదేళ్ళు మంచంలోనే. "మా అమ్మ ఎత్తి కూర్చోబెట్టేది. నాయన ఆ తొమ్మిదేండ్లూ గోడ పక్కకే తిరిగి పండుకున్యాడు" అన్నాడు. ఆ తర్వాత మారెప్ప నాగమ్మ గురించి చెప్పాడు. ఆమె పోయాక ఆ పేరు ఎవరి దగ్గరా ఎత్తలేదు. జ్వరం అని కబురొస్తే, అంగట్లో ఒప్పుకున్న బండ్లున్నాయని రెండు రోజులు ఆలస్యంగా పోయాననీ, పోయేసరికి అయిపోయిందనీ చెప్పాడు. ఈరన్న లేచి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. మారెప్పకు ఎన్నో ఏళ్ళ తర్వాత హాయిగా నిద్రపట్టింది.

ఇక పొద్దున్నే లేచి ఆ కోను వదులు చేయడానికి చేతులెలా వస్తాయి? ముందు మజిలీలో చేద్దాం అనుకున్నాడు. ఆ మజిలీలో ఓబులేసు ఇంకో కథ మొదలుపెట్టాడు. దాని తర్వాతి దాంట్లో చేద్దాం అనుకున్నాడు.

ఓబులేసు కథలు తగ్గిపోవడం అతను గమనించనే లేదు. మధ్యాహ్నానికి ధర్మవరం చేరేటప్పటికి ఆ మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. మగ్గాల చప్పుడు వినిపించే ఒక సందు దాటి, రైలు స్టేషన్ ముందు చెట్టు నీడలో దిగి, పంచె పైకి లాగి చూపించాడు. కుడి మోకాలు ఉబ్బిపోయి ఉంది.

"నేను రైలుకు ఎనక్కి పోతా. మీరు పోండి" అన్నాడు.

"రెండు దినాలు తాళితే తగ్గిపోతుంది లేబ్బా. డాక్టరుకు చూపిద్దాం పా" అన్నాడు ఈరన్న.

"డాక్టరేం చేస్తాడు? మా నాయనకూ ఇట్లే మొదలాయె. ముందు బరువు, తర్వాత వాపు." పంచె మోకాలి మీదికి లాక్కున్నాడు. "నాకు ముగ్గురు బిడ్డలప్పా. మా ఆడామె నన్ను ఎత్తి కూర్చోబెట్టలేదు, ఆమెకు అంత బలం ల్యా." పదిమంది పిల్లలను బెత్తంతో నిలబెట్టే అయ్యవారు రోడ్డు మీద మోకాలు పట్టుకుని ఏడ్చాడు.

మారెప్ప లెక్క వేసుకున్నాడు. నోరు మూసుకుంటే ఓబులేసు ఇంటికి పోతాడు, నెమ్మదిగా వాపు తీస్తుంది, తన సంగతి ఎవరికీ తెలియదు. కాని అంతవరకూ ఆ మనిషి తన మంచం తానే ఊహించుకుంటూ కూర్చుంటాడు. తెరిస్తే, ఇన్నేళ్ళ తర్వాత దొరికిన ఈ ఇద్దరూ పోతారు. అటు చూస్తే గొయ్యి, ఇటు చూస్తే నుయ్యి. సైకిల్ దగ్గరికి పోయి, వెనక చక్రం నేల నుంచి ఎత్తి, చేత్తో ఒక తిప్పు తిప్పాడు. అది ఒక చుట్టు తిరిగి ఆగిపోయింది.

"నీ కాళ్ళకు ఏం కాలేదప్పా. నేనే బిగిచ్చినా. పెనుకొండలో మీరు కొండెక్కి పోతిరి కదా, అప్పుడు."

వాళ్ళకు మొదట అర్థం కాలేదు. ఇంకోసారి చెప్పాడు. ఎందుకని ఈరన్న అడిగాడు. మారెప్ప చక్రం వంక చూస్తూ, "బండి నిలబడితేనే మీరు నిలబడతారు" అన్నాడు.

ఈరన్న లేచి నిలబడ్డాడు. "థూ! నువ్వు మనిషివేనా? వానికి కాలు పోతే యాడ నుంచి తెస్తువురా? నిన్ను తోడని తోలుకొస్తిమి గదరా!"

ఓబులేసు తిట్టలేదు. మోకాలి మీద చెయ్యి అలాగే ఉంచుకుని ఇతని వైపు తిరిగాడు. "పిలిచింటే నిలబడకపోతుంటిమా మారెప్పా?" అన్నాడు.

"నాతో మాట్లాడండప్పా అని అడుక్కుంటారా ఎవురైనా?" అన్నాడు మారెప్ప.

మారెప్ప పానా తీసి చక్రం మీదికి వంగాడు. ఈరన్న అతని చేతిలోంచి సైకిల్ లాక్కున్నాడు. తన బండినీ ఓబులేసు బండినీ రెండు చేతులతో నడిపించుకుంటూ బజారులో ఉన్న ఒక సైకిల్ అంగడికి పోయాడు. ఓబులేసు కుంటుతూ వెంట నడిచాడు. మారెప్ప రోడ్డుకు ఇవతల నిలబడి చూశాడు. ఆ అంగడివాడు చక్రం విప్పి, కోను వదులు చేసి, తిప్పి చూశాడు. పది నిమిషాలు కూడా పట్టలేదు. "ఎవురప్పా దీన్ని బిగిచ్చింది? పని రానోని మాదిరుండాడే" అన్నాడు గట్టిగా. ఇద్దరిలో ఎవరూ పేరు చెప్పలేదు. తిట్టినా ఓర్చుకునేవాడేమో గాని, తను ముక్కముక్క విప్పి బిగించిన బండి ఇంకొకడి చేతిలో చూసేసరికి మారెప్పకు ప్రాణం పోయినట్టయింది.

ముగ్గురూ ధర్మవరంలోనే ఆగిపోయారు, ఓబులేసు మోకాలు రెండు రోజులకు మామూలయింది. వాళ్ళు అనంతపురం దారి పట్టారు. ట్యూబులు, టైర్లు, పంపు ఇతని క్యారియర్ మీదినుంచి విప్పి ఈరన్న తన బండికి కట్టుకున్నాడు. రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. ఓబులేసు బండి ఎక్కే ముందు ఒక క్షణం ఆగాడు గాని ఈరన్న అప్పటికే కదిలాడు. మారెప్ప ఉత్త క్యారియర్‌తో హిందూపురం వైపు తిరిగాడు. బరువు లేదు కదా, ఒక్క పగటిలోనే ఊరు చేరాడు. అంత వేగంగా అతను ఎప్పుడూ తొక్కలేదు. దారిలో వెనకబడడానికి కూడా ముందు ఎవరూ లేరు.

మూడు వారాలకు వాళ్ళు తిరిగి వచ్చారు. బడిలో దండలు వేసి టీ ఇచ్చారు. మారెప్ప ఎందుకు తిరిగి వచ్చాడని ఎవరో అడిగితే, జ్వరం వచ్చిందని ఓబులేసు చెప్పాడట. ఈరన్న కాదనలేదట. పరువు కాపాడారు, అది వాళ్ళ మంచితనమే. కాని ఆ రోజు నుంచి ఈరన్న తన సైకిల్ ఇంకో అంగడికి తీసుకుపోయేవాడు. ఓబులేసు రోజూ అంగడి ముందు నుంచే బడికి పోయేవాడు, తల ఊపేవాడు, ఆగేవాడు కాదు.

ఊరు ఇంకో వింత చూసింది. మారెప్ప నిదానం పోయింది. పంక్చర్ పది నిమిషాలు, చైను ఐదు నిమిషాలు. స్టూలు మీద మనిషి ఇంకా సర్దుకుని కూర్చోకముందే "అయిపాయె, తీస్కపోండి" అని బండి చేతికిచ్చేవాడు. మారెప్ప దారిలో పడ్డాడని జనం మెచ్చుకున్నారు. తనకు తాను వేసుకున్న ఆ శిక్ష ఎవరికి తెలుసు? కోడళ్ళు అలిగారో వచ్చారో, బావుల్లో నీళ్ళు పడ్డాయో లేదో ఇక అతని దాకా రాలేదు. హైదరాబాదు ప్రయాణం కథ మాత్రం ఊరంతా చెప్పుకున్నారు. మారెప్ప అంగట్లో అది ఎవరూ చెప్పలేదు, నీకు తెలియనిదేముంది, పోయినోళ్ళు నీ స్నేహితులే కదా అనుకున్నారు.

రెండేళ్ళు ఇలాగే గడిచాయి. 1960లో ఒక శనివారం, బడి ఒంటిపూట అయ్యాక, ఓబులేసు అంగడి ముందు సైకిల్ దిగాడు. స్టాండ్ వేసి లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మారెప్ప గబగబా పానా అందుకుని బండి దగ్గరికి పోయాడు. వెనక చక్రం ఎత్తి తిప్పితే గలగలా తిరుగుతోంది. ముందుది కూడా అంతే. బ్రేకు నొక్కి చూశాడు, గాలి ఒత్తి చూశాడు, చైను చూశాడు. ఎక్కడా లోపం కనిపించలేదు. వేరే ఎవరో బాగానే చూసుకుంటున్నట్టున్నారు.

"ఏమైందప్పా బండికి?"

"బండికేం కాలా."

"మరి?"

"ఊరికే వచ్చినా. కూర్చోకూడదా?"

మారెప్ప పానా పట్టుకుని నిలబడిపోయాడు. చేసే పని లేకుండా అంగట్లో ఒక మనిషి ఎదుట ఎలా నిలబడాలో అతనికి తెలియదు. పానా పెట్టెలో పెట్టాడు. చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. చివరికి ఎదురుగా ఒక పాత టైరు మీద కూర్చున్నాడు.

"ధర్మవరం దాటినాంక ఏమైందో నీకు తెలీదు గదా" అన్నాడు ఓబులేసు.

"తెలీదు" అన్నాడు మారెప్ప. "చెప్పు."